గడప కోసం చెక్కిన రాయి

మా ఊరి పేరు రాయను. మనుషుల పేర్లూ మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. గురజాల రోడ్డు మీద బస్సు దిగి, మిరప చేల మధ్య నుంచి లోపలికి నడిస్తే వచ్చే ఊళ్ళలో మాదొకటి.

ఊరి వెనక కొండ ఉంది. ముసలివాళ్ళు కూడా ఆగి ఆగి ఎక్కగలిగేంత కొండ. దాని చుట్టూ మూడు వైపులా కంకర కోసం తవ్వి పెద్ద గుంటలు చేశారు. క్వారీలు మూతపడ్డాక ఆ గుంటల్లో వాననీళ్ళు చేరాయి. ఇప్పుడవి చెరువుల్లా కనపడతాయి. కానీ చెరువుకుండే గట్టూ తూమూ వాటికి లేవు. నిట్టనిలువు రాతిగోడల మధ్య కదలని నీళ్ళు, అంతే. నరసరావుపేట నుంచి కుర్రాళ్ళు బైకుల మీద వచ్చి వాటి ముందు నిలబడి రీల్స్ తీసుకుంటారు.

కొండ నెత్తిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ వేపచెట్లు, రేల చెట్లు, సీతాఫలం పొదలు దట్టంగా ఉంటాయి. ఒక్క కొమ్మ కూడా ఎవరూ విరవరు. ఎందుకంటే వాటి మధ్య కొండమ్మ తల్లి ఉంది. మిగతా ఊళ్ళ అమ్మవార్లు నిలబడి ఉంటే మా కొండమ్మ నేల మీద పడుకుని ఉంటుంది. పొడుగాటి రాయి, దానికి పసుపు, కుంకుమ, వెండి కళ్ళు, పైన చీర. పిల్లలు లేనివాళ్ళు వచ్చి వేపచెట్టుకు గుడ్డతో ఉయ్యాల కట్టి మొక్కుకుంటారు. మా నాన్న అలా మొక్కుకుంటే పుట్టినవాడే. అందుకే ఆయన పేరు కొండలు.

మొక్కుకున్నది మా నాయనమ్మ పోలమ్మ.

కిందటి వేసవిలో నాయనమ్మకు ఎడమ కన్ను పూర్తిగా పోయింది. నీటికాసులట. కుడి కన్ను కూడా నెమ్మదిగా పోతుందని, పోయిన చూపు ఆపరేషన్‌తో రాదని నరసరావుపేటలో డాక్టరు చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. నాయనమ్మ ఏడవలేదు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా చెయ్యి పట్టుకుని నేరుగా దావూద్ తాత ఇంటికి నడిచింది.

దావూద్ తాత మా తాతతో కలిసి చిన్నప్పటి నుంచి రాయి కొట్టినవాడు. మా తాత గురునాథం పోయి ఏడాది దాటింది. దావూద్ తాత వాకిట్లో మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. క్వారీ దుమ్ము తిన్న దగ్గు అది, చలికాలం వస్తే ఆగదు.

"దావూదూ," అంది నాయనమ్మ, కూర్చోకుండానే. "నా కంటికి చూపున్నప్పుడే నా బిడ్డను పెట్టిన చోటు చూపించు."

దావూద్ తాత దగ్గు ఆపుకోవడానికి ప్రయత్నించాడు. లేకపోతే దగ్గుతున్నట్టు నటించాడేమో, నాకు తెలియదు.

"ఇప్పుడెందుకు వదినా అయ్యన్నీ?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? గుడ్డిదాన్నయినాక తడుముకుంటా పోవాలా?"

ఆ బిడ్డ సంగతి నాకు అప్పటికి కొంచెమే తెలుసు. మా నాన్న కంటే ముందు నాయనమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. పురుడు కూడా కడగకముందే పోయింది. పేరు పెట్టలేదు. అంత చిన్న పిల్లల్ని మా దగ్గర కాల్చరు, పూడ్చిపెడతారు. ఆడవాళ్ళు వెంట వెళ్ళరు. తల్లికి ఆ చోటు చెప్పరు కూడా. తల్లి అక్కడికి వెళ్తే తర్వాత పుట్టే పిల్లలు నిలవరని ఒక భయం. ఆ రోజు బిడ్డను తీసుకెళ్ళింది ఇద్దరే, మా తాత, దావూద్ తాత. మా తాత చివరిదాకా చెప్పలేదు. నాయనమ్మ ఎన్నిసార్లు అడిగినా "ఎక్కడో అక్కడ. నీకెందుకు?" అని లేచి వెళ్ళిపోయేవాడట.

"ఏ మట్టి మీద కాలు పెట్టినా ఇక్కడేనేమో అనుకుంటానే బతికా," అంది నాయనమ్మ దావూద్ తాతతో. "చేలో కలుపు తీస్తున్నా అదే, కళ్ళం కాడా అదే. నేను తొక్కుతున్నానేమో నా పిల్లని అని."

దావూద్ తాత ఆ రోజు ఏమీ చెప్పలేదు. వేసవి, వానాకాలం అలాగే గడిచాయి. నాయనమ్మ కుడి కన్నుకు పక్కనున్న మనుషులు కనపడడం మానేశారు, ఎదురుగా ఉన్నవాళ్ళే కనపడుతున్నారు. క్రిస్మస్ సెలవులకు ముందు దావూద్ తాతే మా ఇంటికి వచ్చాడు.

"రేపు పొద్దున్నే కొండ కాడికి రా వదినా. ఎవురికీ చెప్పమాక. చెయ్యి పట్టుకోడానికి అపర్ణను తెచ్చుకో. అది ఎటూ మాట్టాడదు గదా."

అపర్ణ అంటే నేను. ఆ మాట నిజమే. బళ్ళో హాజరు పిలిచినప్పుడు నేను పలికినా మేడమ్‌కు వినపడదు.

*

మేం బయల్దేరేసరికి మంచు ఇంకా విడవలేదు. గుళ్ళో ధనుర్మాసం మైకు పాడుతోంది కానీ పాట ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. మిరప చేలలో కాయలు సగం పచ్చగా, సగం ఎర్రగా ఉన్నాయి. ఆకుల మీది మంచు మా పరికిణీ, చీర అంచులకు అంటుకుంది. నాయనమ్మ ఒక చేతి సంచీ తెచ్చుకుంది. అందులో పాలసీసా, పసుపు పొట్లం, తన పాత చీర చింపి మడతపెట్టిన మెత్తటి గుడ్డ ఉన్నాయి. పసిపిల్లలకు పొత్తిగుడ్డలు అలాగే చింపుతారు.

దావూద్ తాత మంకీ టోపీ పెట్టుకుని, మెడకు మఫ్లర్ చుట్టుకుని కొండ మొదట్లో నిలబడి ఉన్నాడు.

"ఏంది దావూదూ, పెళ్ళికొడుకులా ముస్తాబయినావు?" అంది నాయనమ్మ.

"నీ ఒంటికన్నుకి అట్టా అగపడ్డానా? మా ఇంట్లోది ఎలుగుబంటి అంది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. నాయనమ్మ కొండ వైపు చూసి, "అయితే దీని మీదేనా?" అని అడిగింది.

"దీని మీదే."

"యాడ?"

"నడువు, చెప్తా."

దారి మొదట్లో పాత లారీల బాట. దాని మీద ఇప్పుడు తంగేడు మొలిచింది. కాసేపు వెడల్పుగా ఉండి తర్వాత కాలిబాట అవుతుంది. దావూద్ తాత ముందు, నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక. ఆయన దగ్గు వచ్చినప్పుడల్లా ఆగుతాడు, ఆమె ఊపిరి కోసం ఆగుతుంది. ఇద్దరికీ ఆగడానికి అవతలివాళ్ళ వంక దొరికింది. ఆగిన ప్రతిచోటా నాయనమ్మ కిందికే చూసేది. ఒక గుబురు పక్కన రాళ్ళు కుప్పగా పడి ఉంటే చెయ్యి వదిలేసి వంగింది.

"ఇక్కడేనా?"

"కాదు వదినా. అది గొర్రెలోళ్ళు పొయ్యి పెట్టుకున్న చోటు."

ఇంకొంచెం పైకి వెళ్ళాక బాట మొదటి గుంట అంచు పక్కగా పోతుంది. అప్పుడే ఎండ మొదలయింది. మంచు నీళ్ళ మీద నుంచి పొగలాగా లేస్తోంది. దాని కింద నీళ్ళు ముందు నల్లగా, తర్వాత సీసా గాజు రంగులో కనపడ్డాయి. ఎదురు గోడలో పాత డ్రిల్లింగు గీతలు నిలువుగా ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. నీటికోడి ఒకటి మధ్యలో మునిగింది. అది తేలేదాకా నేను చూస్తూ నిలబడ్డాను.

నాయనమ్మ నా చేతిని గట్టిగా నొక్కింది. ఆమె చూస్తున్నది నీళ్ళని.

"దావూదూ, ఇటు తిరుగు. నా మొహం జూసి చెప్పు. ఈ నీళ్ళల్లో పోయిందా? మందు పెట్టి పేల్చినప్పుడు నా బిడ్డ కూడా కంకరలో పడి లారీ ఎక్కిందా?"

అంతవరకూ నాకు ఆ ఆలోచన రాలేదు. కొండలో సగానికి సగం లేదు. ఆ సగం ఎక్కడెక్కడి రోడ్ల కిందో ఉంది. దావూద్ తాత ఆరోజు అడగ్గానే ఎందుకు చెప్పలేదో నాకు తెలిసిపోయిందనుకున్నాను.

దావూద్ తాత టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లేదు. అల్లా మీద ఒట్టు. ఎట్టా పెట్టామో అట్టాగే ఉంది. చెయ్యి కూడా పడలా ఎవురిదీ."

నాయనమ్మ అక్కడే బండ మీద కూర్చుంది. లేవడానికి చాలాసేపు పట్టింది. నేను నీళ్ళిచ్చాను, తాగలేదు. మూతి తడుపుకుని తిరిగి ఇచ్చింది.

తర్వాత ఆమె "ఇక్కడేనా" అని అడగడం మానేసింది. దావూద్ తాత మాత్రం అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. అటు తిరిగి, బాటకు చెప్తున్నట్టు చెప్పాడు.

"ఆ రోజు వాన. నీకు గుర్తుండే ఉంటది. వాగు పొర్లింది. ఆవలిగట్టు వల్లకాడుకి దారి లేదు. గురునాథమన్న బిడ్డను గంపలో పెట్టుకుని వాగొడ్డున అట్టా నిలబడిపోయినాడు. ఎంతసేపని నిలబడతాం? నేనే అన్నా, కొండెక్కుదాం పద అని. ఎక్కడ గడ్డపార దించినా బండే తగులుద్ది. నెత్తికి పోయిందాకా మన్ను దొరకలా."

నెత్తి అనే మాట దగ్గర నాయనమ్మ ఆగింది. చెట్లు మొదలయ్యాయి.

*

కొండ నెత్తి మీద చలి వేరుగా ఉంది. వేపచెట్ల కింద ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. రాలిన ఆకులు తడిసి కాలికింద చప్పుడు చేయడం లేదు. నెమలి ఎక్కడో అరిచి ఊరుకుంది. చెట్ల సందుల్లోంచి చూస్తే మూడు గుంటలూ కనపడతాయి. పై నుంచి చూస్తే అవి అంత లోతు అనిపించవు. ఎవరో పలకలు తుడిచి ఎండకు పెట్టినట్టు ఉంటాయి. వాటి అవతల చేలు, ఇంకా అవతల మంచు.

కొండమ్మ ముందు మేం ఎప్పుడూ చేసేదే చేశాం. చెప్పులు విప్పాం. నాయనమ్మ వంగి రాయికి దణ్ణం పెట్టింది, "తల్లీ, నా బిడ్డ చోటు చూపించు" అంది పైకే. లేచి దావూద్ తాత వైపు తిరిగింది.

ఆయన చెప్పులు విప్పి, కొండమ్మకు అవతలి వైపున గొంతుకూర్చుని ఉన్నాడు. రాయి మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడే వదినా."

"ఇక్కడంటే? ఈ చుట్టుపక్కలా?"

"ఈ రాయి కిందే."

నాయనమ్మ నవ్వబోయినట్టు పెదవులు కదిలించింది. "అమ్మోరి కిందా?"

"అమ్మోరు తర్వాత. ముందు నీ బిడ్డ." ఆయన రాయి మీది చెయ్యి తీయలేదు. "నక్కలు తవ్వుతాయని భయమేసింది. ఎవురో ఇంటికి గడప కావాలంటే అన్న చెక్కి ఉంచిన రాయొకటుంది క్వారీలో. తాళ్ళేసి బొంగుకు కట్టి ఇద్దరం మోసుకొచ్చాం. పైన పెట్టాం. ఆ తర్వాత అన్న అప్పుడప్పుడూ వచ్చి పసుపు రాసిపోయేవాడు. తండ్రి గదా. ఏదో ఒకటి చెయ్యాలి గదా. కట్టెలకొచ్చిన ఆడోళ్ళు చూశారు. వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి. ఇంకేముంది? దణ్ణం పెట్టారు. మళ్ళీ వారానికి గాజులు. ఆ పైవారం చీర. మేము చెబుదామనుకునే లోపల అమ్మోరైపోయింది."

"నువ్వాపలేదా? ఆయన ఆపలేదా?"

"నేనాపుదామనే అన్నా. అన్న ఒద్దన్నాడు. 'ఉండనీ రా. అమ్మోరంటే ఎవురూ తవ్వరు' అన్నాడు. అట్టాగే అయ్యింది. కంట్రాక్టరు నెత్తిదాకా మందు పెట్టమన్నాడు. కూలోళ్ళం ఒక్కళ్ళం కదల్లా. ఆమె ఉండబట్టే ఈ నెత్తి మిగిలింది."

మా తాత కొండమ్మకు ఎప్పుడూ చేతులు జోడించలేదు. తిరునాళ్ళప్పుడు అందరూ దణ్ణం పెడుతుంటే ఆయన వంగి ఆ రాయిని అరచేత్తో రెండుసార్లు నిమిరి వచ్చేసేవాడు. ముసలాడికి పొగరు అనేవాళ్ళు ఊళ్ళో. నేను కూడా అలాగే అనుకున్నాను.

నాయనమ్మ మొహం చూడలేక నేను ఆమె పాదాల వైపు చూశాను. ఒక పాదం రాయికి తగులుతోంది. నేను చూస్తుండగానే ఆ పాదం వెనక్కి వెళ్ళింది.

"నేను మొక్కుకోడానికొచ్చిన రోజు?" అని అడిగింది.

దావూద్ తాత తల వంచి రాయి పక్కన రాలిన ఆకులు ఏరడం మొదలుపెట్టాడు.

"నిన్నే. నేను ఉయ్యాల కట్టిన రోజు. ఆయన నా పక్కనే ఉన్నాడు. నువ్వా చెట్టు కింద బీడీ తాగుతున్నావు."

"అన్న నిన్ను కోటప్పకొండకి పోదామన్నాడు వదినా. నువ్వే వినలా. అందరికీ ఇచ్చే తల్లి మన ఊళ్ళోనే ఉంటే ఆడికెందుకన్నావు."

"చచ్చిన పిల్ల కాడికొచ్చి ఇంకో పిల్లోణ్ణివ్వమని అడిగానా?" నాయనమ్మ గొంతు పైకి లేచింది. "దాన్నే అడిగానా? 'నువ్వు పోయినావు, ఇంకొకణ్ణియ్యి' అని దాని మొహం మీదే అడిగానా దావూదూ? ఆ పిల్ల ఏమనుకుని ఉంటది? అడిగి, పైగా దాని నెత్తినే కొబ్బరికాయలు కొట్టా. ఏడాదికొకటి. కొడుకు పుట్టినందుకు ఒకటి, వాడు నడిచినందుకొకటి. మీరిద్దరూ పక్కన నిలబడి చూశారు!"

ఆమె చేతిసంచీ ఆయన మీదికి విసిరింది. అది ఆయన భుజానికి తగిలి కింద పడింది. దావూద్ తాత దాన్ని తీసి, పాలసీసా పగిలిందేమో చూసి, జాగ్రత్తగా పక్కన పెట్టాడు. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేను చెప్పాల్సింది. అన్న పోయినాకైనా చెప్పాల్సింది. కానీ నేను సాయిబుని వదినా. మీ అమ్మోరు అమ్మోరు కాదని నా నోటితో ఎట్టా చెప్పను? ఊరికి తెలిస్తే మైల అంటారు. రాయి తీసేస్తారు. రాయి పోతే మళ్ళా మిషన్లొస్తాయి." ఆయన మఫ్లర్‌తో మొహం తుడుచుకున్నాడు. "నువ్వడిగావు, చూపించా. ఇంక నీ ఇష్టం. ఊళ్ళో చెప్పుకుంటావో, నోట్లోనే పెట్టుకుంటావో. నీ బిడ్డ నీది."

గాలి వచ్చినప్పుడు చెట్టుకు కట్టిన పాత ఉయ్యాల గుడ్డలు ఊగాయి. వాటిల్లో మా నాన్న కోసం కట్టింది ఎప్పుడో చివికి పోయి ఉంటుంది.

నాయనమ్మ రాయి పక్కకు వచ్చి అడిగింది. "తల ఎటుంది?"

"ఇటు. అన్న దక్షిణం అన్నాడు."

నాయనమ్మ చుట్టూ తిరిగి ఆ వైపుకు వెళ్ళి కూర్చుంది. రాయి మీది చీర విప్పడం మొదలుపెట్టింది.

*

ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థం కాలేదు. చీర విప్పి మడతపెట్టి నా ఒళ్ళో వేసింది. వెండి కళ్ళు ఒక్కొక్కటీ గోటితో ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. "నీళ్ళు తే" అంది.

కొంచెం కిందుగా బండలో దొన ఉంది. వాననీళ్ళు నిలిచే గొయ్యి అది. తుఫాను వానలకు నిండింది ఇంకా ఎండలేదు. చీర చంకలో పెట్టుకుని, కళ్ళు పిడికిట్లో పట్టుకుని, నా సీసా నింపుకుని పైకీ కిందికీ తిరిగాను. నాయనమ్మ మొదట పాలు పోసింది, తర్వాత నీళ్ళు. ఎన్ని ఏళ్ళ పసుపో, ఎన్ని ఏళ్ళ కుంకుమో! పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఎర్రటి నీళ్ళు, తర్వాత పచ్చటి నీళ్ళు ఆకుల కిందికి పోయాయి. ఆమె అరచేత్తోనే రుద్దింది, ఎక్కడా గోరు తగలనివ్వలేదు. నుదుటి దగ్గర నీళ్ళు పోసేటప్పుడు ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. అక్కడ నుదురు లేదు, రాయి ఉంది. అయినా కళ్ళల్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

అడుగున నల్లరాయి బయటపడింది. మా తాత ఉలి దెబ్బలు వరసగా ఉన్నాయి. ఒక అంచు నున్నగా తీశాడు, గడప మీద కాలు పడే వైపు అలా తీస్తారు.

అప్పుడే కింద నుంచి గాజుల చప్పుడు, మాటలు వినపడ్డాయి. మా వీధిలోని ఇందిరత్త, ఆమె కోడలు గోపిక. గోపికకు పెళ్ళయి కొన్నేళ్ళయింది. చేతిలో కొత్త గుడ్డ, పళ్ళెంలో కొబ్బరికాయ, పూలు. ఉయ్యాల కట్టడానికి వచ్చారు.

ఇందిరత్త చెట్ల మధ్యలోంచి వచ్చి, చూసి, అక్కడే నిలబడిపోయింది.

"అయ్యయ్యో! ఏందే పోలమ్మా ఇది! అమ్మోరి చీర ఇప్పావేందే! బొట్టేది? కళ్ళేవి? నీ కళ్ళు పోతున్నాయని అమ్మోరి కళ్ళు పీకావా ఏంది ముదనష్టపుదానా! నువ్వేంది సాయిబూ, చూస్తా కూచున్నావు?"

దావూద్ తాత లేచి నిలబడ్డాడు. నాయనమ్మ తల ఎత్తింది. ఆమె చెయ్యి రాయి మీదే ఉంది. ఆ క్షణంలో ఆమె చెప్పేస్తుందని నాకు అనిపించింది. ఇది అమ్మోరు కాదే, నా కూతురు అని. పెదవులు తెరుచుకున్నాయి కూడా. చెప్పడానికి ఆమెకు హక్కు ఉంది. కానీ ఎదురుగా గోపిక ఉంది. పళ్ళెం రెండు చేతులా పట్టుకుని ఆ రాయి వైపే చూస్తోంది.

"తలంటి పోస్తోంది," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. నా మాట నాకే గట్టిగా వినపడింది.

"ఎవరూ ఎప్పుడూ పోయలేదంట. రాయడమే గానీ కడిగినవాళ్ళు లేరంట. పొర మీద పొర పేరుకుపోయింది అత్తా. అందుకని నాయనమ్మ తలంటి పోస్తోంది."

ఇందిరత్త నన్ను, నా చేతుల్లోని చీరను, మడత నలగకుండా పట్టుకున్న తీరును చూసింది.

"ఓసి! నీకు నోరుందటే!" అంది. కోపం సగం దిగిపోయింది. "అయితే ఆ మాట ముందే చెప్పొచ్చు గదా. గుండె ఆగిపోయింది నాకు."

గోపిక పళ్ళెం కింద పెట్టి తన నీళ్ళ సీసా నాయనమ్మకు అందించింది. ఆఖరి నీళ్ళు వాటితోనే పోసింది నాయనమ్మ. సంచీలోంచి మెత్తటి గుడ్డ తీసి రాయిని తుడిచింది. అద్ది అద్ది తుడిచింది. కొత్త పసుపు తనే రాసింది. కళ్ళు నా చేతిలోంచి తీసుకుని తడుముకుంటూ పెట్టబోతే సరిగా కుదరలేదు. దావూద్ తాత దూరం నుంచే "కొంచెం కిందికి" అన్నాడు. చీర నేను కప్పాను.

గోపిక నాయనమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మమ్మా, నీకు ఇచ్చిందంట గదా. నాకూ ఇస్తదా?"

నాయనమ్మ రాయి మీది చీర అంచును అరచేత్తో సర్దింది. దావూద్ తాత మా వైపు వీపు పెట్టి, కింద నీళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

"ఇస్తదో లేదో నాకు తెలవదు తల్లీ," అంది చివరికి. "అడుగు. అడిగితే కోప్పడదు. నేనడిగినప్పుడూ కోప్పడలా."

ఆ మాట అన్నాక ఆమె భుజాలు దిగాయి. చెట్టుకు ఉయ్యాల కట్టేటప్పుడు గోపిక చెయ్యి అందకపోతే నేనే కొమ్మను వంచి పట్టుకున్నాను.

ఇందిరత్త కొబ్బరికాయకు పీచు తీసి, దణ్ణం పెట్టి, రాయి అంచుకేసి కొట్టడానికి చెయ్యెత్తింది. నాయనమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. చూపు లేని వైపు నుంచి అంత త్వరగా ఎలా పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఈడ కాదు."

"మరి యాడ?"

"ఆ దొన పక్కన బండ ఉంది. దాని మీద కొట్టుకురా పో."

"ఇదేందే కొత్తగా! ఇన్నేళ్ళూ ఈడనే గదా కొట్టాం?"

"ఇన్నేళ్ళు కొట్టింది చాల్లే," అంది నాయనమ్మ. చెయ్యి వదలలేదు.

ఇందిరత్త ఆమె మొహంలో ఏం చూసిందో, మారు మాట్లాడకుండా కిందికి దిగింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు గుంటల గోడలకు తగిలి మళ్ళీ వినపడింది.

దిగేటప్పుడు నాయనమ్మ దావూద్ తాతతో మాట్లాడలేదు. కానీ లారీల బాట దగ్గర ఆయన దగ్గుతో వంగిపోతే ఆగి, నా చెయ్యి వదిలి, ఆయన వీపు మీద చరిచింది. ఇంటి మలుపులో "మీ నాన్నకి చెప్పమాక" అంది నాతో. నేను చెప్పలేదు.

*

మాఘమాసంలో కొండమ్మ తిరునాళ్ళ జరిగింది. అప్పటికి తలంటి సంగతి ఊరంతా పాకింది. కొండమ్మ పోలమ్మ కల్లోకి వచ్చి, నాకు తలంటి పొయ్యి, నా ఒంటి మీద కాయలు కొట్టొద్దు అని చెప్పిందని ఇందిరత్త ఇంటింటికీ చెప్పింది. నాయనమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మా ఊరివాళ్ళంతా పళ్ళేలతో దొన పక్కన బండ దగ్గర వరస కట్టారు.

నాయనమ్మ కంటికి అప్పటికి వెలుతురు, నీడ మాత్రమే తెలుస్తున్నాయి. నాన్న ఆమెను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. కొండమ్మకు దక్షిణం వైపున కూర్చుని, రాయి మీద అరచెయ్యి వేసి ఉంచింది. రోజంతా తీయలేదు. దావూద్ తాత కొంచెం అవతల చెట్టు కింద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆమె నాతో పులిహోర పంపిస్తే తిన్నాడు.

పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు కొత్త పద్ధతి తెలియదు. కాయ పట్టుకుని నేరుగా రాయి దగ్గరికే వస్తున్నారు. వాళ్ళకు చెప్పడానికి ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి. నేను నిలబడ్డాను. "ఇక్కడ కాదండీ, కింద బండ మీద," అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాను. ఎందుకని ఒకరిద్దరు అడిగారు. "అంతేనండీ" అన్నాను. సాయంత్రానికి నా గొంతు పోయింది.